ఆర్థిక నేరాల కేసుల్లో బెయిలు: తెలుగువారి పిటిషన్ల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఆర్థిక నేరాల కేసుల్లో బెయిలు ఉత్తర్వును దోషనిర్ణయానికి సూచనగా భావించడం పరిపాటి. బెయిలు వస్తే నిర్దోషి అనీ, రాకపోతే దోషి అనీ సాధారణ పాఠకుడు గ్రహిస్తాడు. ఈ అవగాహన న్యాయశాస్త్రరీత్యా సరైనది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాల నుంచి సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్ళిన నాలుగు ప్రధానమైన కేసులను, వాటితో పాటు విదేశీ మారక చట్టాల పరిణామాన్ని పరిశీలించి, బెయిలు ఉత్తర్వు దేన్ని నిర్ణయిస్తుందో, దేన్ని నిర్ణయించదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేరతీవ్రతతో పాటు విచారణకు పట్టే కాలం కూడా ఈ ఉత్తర్వులను శాసిస్తున్నదని ఈ పరిశీలన నిరూపిస్తుంది.

కీలకపదాలు: బెయిలు, ఆర్థిక నేరం, విదేశీ మారకం, జంట షరతులు, విచారణ ఖైదీ, సత్యం కేసు.

1. ఉపోద్ఘాతం

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఛైర్మన్ బైర్రాజు రామలింగరాజు, సంస్థ ఖాతాల్లో లేని సొమ్మును ఉన్నట్లు చూపిన వైనాన్ని వివరిస్తూ డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాసి రాజీనామా చేశారు. భీమవరం సమీపంలోని గరగపర్రు ఆయన స్వగ్రామం. హైదరాబాదులో స్థాపించిన సంస్థే అయినా గోదావరి డెల్టా ప్రజలు దానిని తమ ప్రాంతపు విజయంగా భావించారు. అందువల్ల ఆ కేసులోని ప్రతి మలుపూ ఇక్కడ ప్రత్యేకాసక్తితో చర్చకు వచ్చింది.

ఆ మలుపుల క్రమం ఆలోచింపజేస్తుంది. 2010 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బెయిలు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం దానిని రద్దు చేసింది. 2011 నవంబరులో అదే న్యాయస్థానం బెయిలు మంజూరు చేసింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం దోషిగా నిర్ణయించి శిక్ష విధించగా, మరుసటి నెలలోనే సెషన్సు న్యాయస్థానం ఆ శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది. అనగా, దోషిత్వం తేలకముందు ఆయన జైలులో ఉన్నారు; దోషి అని తేలిన తరువాత బయటకు వచ్చారు. బెయిలు అనేది దోషిత్వానికి కొలమానమైతే ఈ క్రమానికి అర్థమే ఉండదు. మరి బెయిలు దేనికి కొలమానం? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ముందుగా తెలుగులో వాడే కొన్ని మాటలను పరిశీలించాలి.

2. పదాలు కల్పించే భ్రాంతి

బెయిలుకు సమానంగా తెలుగులో 'జామీను', 'పూచీకత్తు' అనే పదాలు వాడుకలో ఉన్నాయి. 'పూచీ' అంటే బాధ్యత. నిందితుడు పిలిచినప్పుడు న్యాయస్థానానికి హాజరవుతాడని మరొకరు బాధ్యత వహించడమే పూచీకత్తు. ఈ పదంలో నేరం చేశాడా, లేదా అనే ప్రసక్తి లేదు. హాజరవుతాడా, లేదా అన్నదే ఉంది. బెయిలు తత్త్వాన్ని ఈ మాట సరిగా పట్టుకొంది. పత్రికాభాషలో 'బెయిలు' స్థిరపడిన తరువాత ఈ అర్థస్ఫూర్తి మరుగునపడింది.

'విచారణ' అనే పదం మరింత చిక్కైనది. దర్యాప్తు సంస్థ ప్రశ్నించడమూ విచారణే. బెయిలు పిటిషనుపై వాదనలు వినడమూ విచారణే. సాక్ష్యాలను పరీక్షించి దోషనిర్ణయం చేసే న్యాయప్రక్రియా విచారణే. మూడు భిన్నదశలకు ఒకే మాట వాడటం వలన, బెయిలు దశలో న్యాయమూర్తి చేసిన వ్యాఖ్యను తుది విచారణలో తేలిన సత్యంగా పాఠకుడు స్వీకరించే ప్రమాదం ఉంది. ఈ వ్యాసంలో మొదటిదాన్ని 'దర్యాప్తు' అనీ, రెండవదాన్ని 'వాదనలు' అనీ, మూడవదాన్ని మాత్రమే 'విచారణ' అనీ వ్యవహరించడం జరిగింది.

'ముద్దాయి' పదచరిత్ర మరొక విశేషం. అరబ్బీ మూలంలో ఈ పదానికి దావా వేసినవాడు, అంటే వాది అని అర్థం. తెలుగు కోర్టు వాడుకలో అది నేరారోపణకు గురైనవాడిని సూచించే పదంగా స్థిరపడింది. నిందితుడు, ముద్దాయి, దోషి అనే మూడింటి మధ్య భేదాన్ని చట్టం పాటిస్తుంది. వ్యవహారం తరచుగా పాటించదు. నేరారోపణ దశలోనే 'ఆర్థిక నేరగాడు' అనే మాట ప్రసంగాల్లోనూ శీర్షికల్లోనూ వినిపించడం ఇందుకు నిదర్శనం.

3. మూలసూత్రం: గుడికంటి నరసింహులు కేసు

భారతీయ బెయిలు న్యాయశాస్త్రంలో తరచుగా ఉదాహరించే తీర్పుల్లో ఒకటి తెలుగునేల నుంచి వెళ్ళిన పిటిషనుపై వెలువడింది. గుడికంటి నరసింహులు వర్సెస్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ 1977 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు అది. ఇది ఆర్థిక నేరానికి సంబంధించినది కాదు, హత్యకేసు. విచారణ న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టినవారిని హైకోర్టు దోషులుగా నిర్ణయించింది. దానిపై అప్పీలు పెండింగులో ఉండగా వారు బెయిలు కోరారు.

బెయిలు నిరాకరణను శిక్షగా వాడకూడదనీ, నిందితుడు న్యాయప్రక్రియకు అందుబాటులో ఉండటమే దాని ప్రయోజనమనీ ఆ ఉత్తర్వు స్పష్టం చేసింది. వ్యక్తిస్వేచ్ఛను హరించే అధికారం న్యాయమూర్తి ఇష్టాయిష్టాలకు వదిలినది కాదనీ, రాజ్యాంగం 21వ అధికరణం దృష్ట్యా దానిని సూత్రబద్ధంగా వినియోగించాలనీ చెప్పింది. ఈ ఆలోచన నుంచి కాలక్రమంలో మూడు ప్రశ్నల పరీక్ష రూపుదిద్దుకొంది. నిందితుడు పారిపోతాడా? సాక్ష్యాధారాలను తారుమారు చేస్తాడా? సాక్షులను ప్రభావితం చేస్తాడా? మూడింటికీ సమాధానం 'కాదు' అయినప్పుడు నిర్బంధానికి ప్రాతిపదిక బలహీనపడుతుంది.

ఆర్థిక నేరాల్లో ఈ మూడు ప్రశ్నలూ భిన్నరూపం ధరిస్తాయి. ఇందులో సాక్ష్యం ప్రధానంగా పత్రరూపంలో, కంప్యూటర్లలో ఉంటుంది. అభియోగపత్రం దాఖలయ్యేనాటికి అది దర్యాప్తు సంస్థ స్వాధీనంలోకి వస్తుంది కనుక తారుమారుకు అవకాశం తగ్గుతుందని నిందితులు వాదిస్తారు. మరోవైపు సాక్షుల్లో పలువురు నిందితుని కింద పనిచేసిన ఉద్యోగులే కావచ్చు. అతనికి విదేశాల్లో ఆస్తులూ సంబంధాలూ ఉండవచ్చు. 2016లో విజయ్ మాల్యా, 2018లో నీరవ్ మోదీ దేశం విడిచి వెళ్ళిన తరువాత ఈ భయం మరింత బలపడింది. నూరుకోట్ల రూపాయలకు తగ్గని నేరాలకు వర్తించే పరారీ ఆర్థిక నేరస్థుల చట్టం 2018లో వచ్చింది. పాస్‌పోర్టు అప్పగింత ఇటువంటి బెయిలు ఉత్తర్వుల్లో మామూలు షరతు కావడానికి కారణం ఇదే.

4. విదేశీ మారకం: నేరం నుంచి ఉల్లంఘనకు

ఆర్థిక నేరమనే వర్గం స్థిరమైనది కాదు. నిన్నటి నేరం నేడు కేవలం ఉల్లంఘన కావచ్చు. విదేశీ మారక చట్టాల చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం (ఫెరా) కింద ఉల్లంఘన క్రిమినల్ నేరం. అధికారికి అరెస్టు చేసే అధికారం ఉండేది. నిందితుని మనోభావం నేరపూరితమైనదని న్యాయస్థానం ముందుగానే భావించేది. కాదని నిరూపించుకోవలసిన భారం నిందితునిది. ఫెరా కింద అరెస్టయినవారిని రిమాండుకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఉన్నదా అన్న వివాదం తలెత్తగా, ఉన్నదని 1994లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ వర్సెస్ దీపక్ మహాజన్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది. వీటికి తోడు 1974 నాటి కాఫిపోసా చట్టం ముందస్తు నిర్బంధానికి వీలు కల్పించింది. అది జరిగిన నేరానికి కాక, జరగబోయే చర్యను నివారించడానికి విధించే నిర్బంధం కనుక మామూలు బెయిలు సూత్రాలు దానికి వర్తించవు.

ఆర్థిక సరళీకరణ అనంతరం దృక్పథం మారింది. 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) 2000 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దీని కింద ఉల్లంఘనకు ప్రధానంగా జరిమానాయే శిక్ష. లెక్క తేలిన మొత్తానికి మూడు రెట్ల వరకు విధించవచ్చు. ఆ జరిమానా చెల్లించనప్పుడు మాత్రమే సివిల్ నిర్బంధం ప్రసక్తి వస్తుంది. భీమవరం పరిసరాల నుంచి విదేశాలకు రొయ్యలను ఎగుమతి చేసే వ్యాపారి, సరుకు సొమ్మును నిర్ణీత గడువులోగా దేశానికి రప్పించకపోతే అది ఫెమా ఉల్లంఘన. దానికి నోటీసు, తీర్పు, జరిమానా ఉంటాయి. అరెస్టు లేదు కనుక బెయిలు అవసరమూ లేదు. అదే వ్యాపారి తప్పుడు పత్రాలతో బ్యాంకును మోసగించి ఆ సొమ్మును విదేశాలకు తరలించాడన్న ఆరోపణ వస్తే పరిస్థితి పూర్తిగా మారుతుంది. మోసం షెడ్యూల్డు నేరం. దాని ద్వారా వచ్చిన సొమ్ముకు 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం (పీఎంఎల్ఏ) వర్తిస్తుంది. ఫెమా ఉల్లంఘన స్వయంగా షెడ్యూల్డు నేరం కాకపోయినా, మోసం ఆరోపణ తోడైతే భారతీయ చట్టాల్లోని అతి కఠినమైన బెయిలు నిబంధనల్లో ఒకటి ఎదురవుతుంది.

5. సత్యం కేసు: గడువు విధించిన తిరస్కరణ

రామలింగరాజు లేఖ ప్రకారం సంస్థ నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివి. సంస్థ వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ నమోదై ఉండటంతో నష్టం దేశపు ఎల్లలు దాటింది. 2009 జనవరి 9న అరెస్టు జరిగింది. మరుసటి నెలలో దర్యాప్తు సీబీఐకి బదిలీ అయింది. 2010 ఆగస్టు 18న హైకోర్టు బెయిలు మంజూరు చేయగా, అక్టోబరు 26న సర్వోన్నత న్యాయస్థానం దానిని రద్దు చేసింది.

రద్దు ఉత్తర్వుతో పాటు మరొక ఆదేశం కూడా వెలువడింది. విచారణను 2011 జూలై 31లోగా ముగించాలని న్యాయస్థానం గడువు విధించింది. ఆ గడువు దాటింది, విచారణ ముగియలేదు. 2011 నవంబరు 4న బెయిలు లభించింది. ఈ రెండు ఉత్తర్వుల మధ్యకాలంలో ఆరోపణల తీవ్రత ఏమాత్రం తగ్గలేదు. మారినది కాలం మాత్రమే.

తుదితీర్పు 2015 ఏప్రిల్ 9న వెలువడింది. రెండు వందలకు పైగా సాక్షులను విచారించిన ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ణయించి, ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. అప్పటికే రామలింగరాజు రెండున్నరేళ్లకు పైగా కస్టడీలో గడిపారు. విచారణకాలపు నిర్బంధాన్ని శిక్షాకాలం నుంచి మినహాయించాలని అప్పట్లో అమలులో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 428వ సెక్షను నిర్దేశించేది. మే 11న సెషన్సు న్యాయస్థానం అప్పీలు తేలేవరకు శిక్షను నిలిపివేసింది. శిక్ష పడినవారికి అప్పీలు హక్కు ఉంటుంది. ఆ అప్పీలు తేలేలోగా శిక్షాకాలం గడిచిపోతే హక్కు నిరర్థకమవుతుంది. శిక్ష నిలిపివేతకు సాధారణంగా ఉండే తర్కం ఇదే. దీనికీ నిర్దోషిత్వానికీ సంబంధం లేదు.

సత్యం కేసులో బెయిలు ఇచ్చిన నెలలోనే, 2011 నవంబరు 23న, 2జీ స్పెక్ట్రమ్ వ్యవహారంలో సంజయ్ చంద్ర వర్సెస్ సీబీఐ తీర్పు వచ్చింది. అభియోగం తీవ్రతను మాత్రమే కాక, దానికి విధించగల శిక్షనూ విచారణకు పట్టే కాలాన్నీ కలిపి చూడాలని అది పేర్కొంది. సత్యం కేసులో బెయిలు పొందినవారు తరువాత దోషులని తేలారు. 2జీ కేసులో బెయిలు పొందినవారిని 2017 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులని ప్రకటించింది. దానిపై సీబీఐ అప్పీలుకు వెళ్ళింది. రెండు కేసుల్లోనూ బెయిలు ఒకటే, ఫలితాలు వేరు. బెయిలును బట్టి తుదితీర్పును ఊహించడం వ్యర్థమనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

6. 'ప్రత్యేక తరగతి' సిద్ధాంతం

2013 మే 9న జస్టిస్ పి. సదాశివం, జస్టిస్ ఎం.వై. ఇక్బాల్ ధర్మాసనం రెండు తెలుగు పిటిషన్లను తిరస్కరించింది. ఒకటి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిది, రెండవది నిమ్మగడ్డ ప్రసాద్‌ది. ఆర్థిక నేరాలు ఒక ప్రత్యేక తరగతికి చెందినవనీ, వాటి వెనుక లోతైన కుట్ర ఉండి ప్రజాధనానికి భారీ నష్టం కలుగుతుంది కనుక బెయిలు విషయంలో భిన్నదృష్టి అవసరమనీ ఆ తీర్పుల సారాంశం. హత్య క్షణికావేశంలో జరగవచ్చు గాని ఆర్థిక నేరం లెక్క వేసుకొని చేసేదని 1987లో మోహన్‌లాల్ పోర్వాల్ కేసులో వ్యక్తమైన అభిప్రాయం దీనికి పూర్వరంగం. దేశమంతటా ఆర్థిక నేరాల బెయిలు పిటిషన్లను వ్యతిరేకించే ప్రాసిక్యూటర్లకు ఈ తీర్పులు నాటి నుంచి ప్రధానాధారమయ్యాయి.

ఈ సిద్ధాంతానికి సామాజికశాస్త్ర నేపథ్యం ఉంది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1939లో 'వైట్ కాలర్ నేరం' అనే భావనను ప్రతిపాదించారు. గౌరవప్రదమైన హోదాలో ఉన్నవారు తమ వృత్తిలో భాగంగా చేసే నేరాలను సమాజమూ చట్టమూ తేలికగా తీసుకొంటున్నాయని ఆయన విమర్శించారు. ఆ ఉదాసీనతకు విరుగుడుగా 'ప్రత్యేక తరగతి' భావనను అర్థం చేసుకోవచ్చు.

అయితే 2013 నాటి తిరస్కరణలోనూ గడువు ఉంది. జగన్మోహన్ రెడ్డి 2012 మే 27న అరెస్టయ్యారు. ఆరోపణలను ఆయన ఖండించారు. దర్యాప్తును నాలుగు నెలల్లో పూర్తిచేయాలని సర్వోన్నత న్యాయస్థానం సీబీఐని ఆదేశించి, ఆపైన విచారణ న్యాయస్థానంలో బెయిలు కోరే స్వేచ్ఛను ఆయనకు కల్పించింది. 2013 సెప్టెంబరు 23న హైదరాబాదులోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం బెయిలు మంజూరు చేసింది. సిద్ధాంతం కఠినంగా ఉన్నా, ఆచరణలో అది బెయిలును శాశ్వతంగా నిరాకరించలేదు, వాయిదా వేసింది. ఐఎన్ఎక్స్ మీడియా వ్యవహారంలో పి. చిదంబరానికి 2019 డిసెంబరులో బెయిలిస్తూ, ఆర్థిక నేరం తీవ్రమైనదే అయినా ప్రతి కేసులోనూ బెయిలు నిరాకరించాలన్న నియమం లేదని అదే న్యాయస్థానం వివరించింది.

7. జంట షరతులు, కవిత కేసు

పీఎంఎల్ఏ 45వ సెక్షను రెండు షరతులు విధిస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలుండాలి. బెయిలుపై ఉండగా మరో నేరం చేయడని న్యాయస్థానం సంతృప్తి చెందాలి. మొదటి షరతు బెయిలు స్వభావాన్నే తారుమారు చేస్తుంది. పూచీకత్తులో లేని దోషిత్వ ప్రశ్నను విచారణ మొదలు కాకముందే తెచ్చిపెడుతుంది. నికేశ్ తారాచంద్ షా కేసులో 2017 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం ఈ షరతులను రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. 2018లో పార్లమెంటు సెక్షనును సవరించింది. 2022 జూలై 27న విజయ్ మదన్‌లాల్ చౌదరి తీర్పు సవరించిన సెక్షనును సమర్థించింది. కంపెనీల చట్టం 2013లోని 212వ సెక్షను కూడా కార్పొరేట్ మోసాలకు ఇటువంటి షరతులనే విధించింది.

ఇదే సెక్షనులో మినహాయింపు కూడా ఉంది. పదహారేళ్లలోపువారు, స్త్రీలు, రోగులు, అశక్తులు, కోటి రూపాయలలోపు ఆరోపణ ఎదుర్కొంటున్నవారు జంట షరతులు లేకుండానే బెయిలుకు అర్హులు కావచ్చు. ఢిల్లీ మద్యం విధానం కేసులో 2024 మార్చి 15న హైదరాబాదులో అరెస్టయిన కల్వకుంట్ల కవిత ఈ మినహాయింపును కోరారు. విద్యావంతురాలు, ప్రజాజీవితంలో ఉన్న మహిళ కనుక ఆమెకు ఇది వర్తించదన్న ధోరణిలో ఢిల్లీ హైకోర్టు తిరస్కరించింది. 2024 ఆగస్టు 27న జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ధర్మాసనం ఆ వ్యాఖ్యానాన్ని అంగీకరించలేదు. చట్టం 'స్త్రీ' అన్నప్పుడు చదువుకున్న స్త్రీ, చదువుకోని స్త్రీ అని విడదీయలేమన్నది దాని సారాంశం. దర్యాప్తు ముగిసింది, 493 మంది సాక్షులు, సుమారు 50 వేల పేజీల పత్రాలు ఉన్నందున విచారణ త్వరలో ముగిసే అవకాశం లేదన్నది మరొక కారణం.

అదే కేసులో మనీష్ సిసోడియాకు 2023 అక్టోబరులో బెయిలు నిరాకరించినప్పుడు, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో విచారణ ముగుస్తుందన్న హామీని న్యాయస్థానం నమోదు చేసింది. అది నెరవేరలేదు. 2024 ఆగస్టు 9న బెయిలు లభించింది. 2010లో సత్యం, 2013లో జగన్ కేసుల్లో కనిపించిన క్రమమే ఇక్కడా పునరావృతమైంది: తిరస్కరణ, గడువు, ఆపైన విడుదల.

8. బాధితుల పక్షం, సామాన్యుల పక్షం

ఈ క్రమం ఎవరికి న్యాయం చేస్తున్నది? ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్కల ప్రకారం అగ్రిగోల్డ్ సంస్థ దాదాపు 32 లక్షల మంది నుంచి 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసింది. కూతురి పెళ్లికో, ముసలితనానికో దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్నవారికి నిందితుని విడుదల అన్యాయంగా తోచడం సహజం. కాని వారి సొమ్ము తిరిగి రావడానికి తోడ్పడేది ఆస్తుల జప్తు, వేలం, పంపిణీ. అవి బెయిలుతో నిమిత్తం లేకుండా సాగవలసిన ప్రక్రియలు. నిందితుడు జైలులో ఉన్నాడన్న తృప్తి మిగిలి, ఆస్తుల పంపిణీ, తుదితీర్పు ఏళ్ల తరబడి వాయిదా పడితే బాధితునికి దక్కేది శూన్యం.

మరొక అంశం సమానత్వానికి సంబంధించినది. పై కేసుల్లో గడువులు విధించినది సర్వోన్నత న్యాయస్థానం. అక్కడికి పదేపదే వెళ్ళగల స్తోమత ఉన్నవారికే అటువంటి గడువు లభిస్తుంది. చీటీల మోసం కేసులో అరెస్టయిన చిన్న గుమాస్తాకు ఆ అవకాశం తక్కువ. భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం గరిష్ఠ శిక్షలో సగకాలం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే మూడోవంతు కాలం గడిపిన విచారణ ఖైదీ విడుదలకు అర్హుడు. కాని ఒకటికంటే ఎక్కువ నేరాలు లేదా కేసులు పెండింగులో ఉంటే ఈ వెసులుబాటు వర్తించదని అదే సెక్షను చెబుతున్నది. ఆర్థిక నేరాల్లో మోసం, ఫోర్జరీ, కుట్ర వంటి పలు అభియోగాలు కలిసి ఉండటం మామూలు. అందువల్ల ఈ రక్షణ ఎక్కువ అవసరమైన వర్గానికే అందకుండా పోయే ప్రమాదం ఉంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. బెయిలు ఉత్తర్వు దోషనిర్ణయం కాదు. సత్యం, 2జీ కేసుల పరస్పర విరుద్ధ ఫలితాలు ఇందుకు సాక్ష్యం.

2. విదేశీ మారక ఉల్లంఘన ఫెరా కాలంలో నేరం, ఫెమా కాలంలో జరిమానాతో పోయే తప్పు. నేరతీవ్రత శాసనవిధానంతో పాటు మారుతుంది కనుక దానినే బెయిలుకు ఏకైక ప్రమాణంగా తీసుకోవడం కుదరదు.

3. పరిశీలించిన ప్రధాన ఆర్థిక కేసుల్లో తిరస్కరణ వెంట గడువో, హామీయో ఉన్నది. అది తీరిన తరువాత స్వేచ్ఛ లభించింది. 'ప్రత్యేక తరగతి' సిద్ధాంతం ఆచరణలో వాయిదా సిద్ధాంతంగా పరిణమించింది.

4. విచారణలో జాప్యమే అసలు సమస్య. అది నిందితునికి తీర్పు లేని శిక్షనూ, బాధితునికి ఫలితం లేని నిరీక్షణనూ మిగులుస్తున్నది. గడువు విధించే పద్ధతి సర్వోన్నత న్యాయస్థానానికి చేరినవారికే పరిమితం కాకుండా విచారణ న్యాయస్థానం స్థాయిలోనే, అభియోగపత్రం స్వీకరించిన నాడే అమలుకావాలి.

5. దర్యాప్తు, వాదనలు, విచారణ అనే దశలను తెలుగులో వేర్వేరు పదాలతో సూచించడం అవసరం. పూచీకత్తు అనే పాతమాట చెప్పే అర్థం స్ఫురణలో ఉంటే, బెయిలు వార్తను పాఠకుడు నేరనిర్ణయంగా పొరబడే అవకాశం తగ్గుతుంది.